వానలో నేసిన కండువా

ఈ శ్రావణ పౌర్ణమి పొద్దున మా మనవడు ఫోన్ చూసి, "తాతా, పెద్ద వానున్నదట. రథం ఆపుతరేమో," అన్నాడు. అప్పటికి మబ్బు సరిగ్గా కమ్ముకోను కూడా లేదు. చినుకు పడకముందే పండుగ వదిలేసుకోవడం ఈ కాలపు వాళ్లకు ఎంత తేలికో! నాకు ఒళ్లు మండింది. వాడికి చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను, వాడు చదివినా చదవకపోయినా సరే.

ఎనభైల చివరి మాట. షోలాపూర్ దాజీపేటలో మా గల్లీ వాళ్లకు, నేతగాళ్ల కులదైవమైన మార్కండేయ స్వామి పండుగనాడు ఒక పద్ధతి ఉండేది. రథం వెనక ఎడ్లబండి మీద మగ్గం కట్టి, ఊరేగింపు సాగుతుండగానే స్వామికి కండువా నేసేవాళ్లం. సాయంత్రం హారతి వేళకు అది స్వామి భుజం మీద ఉండాలి. ఏటా ఒక ఇంటికి వంతు. మా నాన్న కాలం చేశాక మా ఇంటికి మొదటిసారి వంతు వచ్చింది, నేసేది నేను. నాన్న పేరు నిలబడుతుందా లేదా అని గల్లీ అంతా నా చేతుల వైపే చూస్తోంది.

కొత్త జంధ్యం వేసుకున్నానో లేదో, వాన దంచికొట్టింది. గల్లీలో మోకాలు లోతు నీళ్లు. రథం గుడి దాటలేదు. బండి మీది మగ్గాన్ని నలుగురం ఎత్తుకొచ్చి మా ముందుగదిలో పెట్టాం. మగ్గం మీది పడుగు నూలు అప్పటికే చెమ్మెక్కింది. మరమగ్గాల కార్ఖానా ఉన్న పక్కింటి బావ గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ, "అరే బావా, గీ వానల ఏం నేస్తవ్? నా కార్ఖానల టవల్ ఒకటి పట్కపో. దేవుడు లేబుల్ చూస్తడా?" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

ఆ కోపంలోనే, నేతగాడు చేయకూడని పని చేశాను. కిటికీలు మూసి, బొగ్గుల శెగడి రాజేసి, పడుగు కింద పెట్టి ఆరబెట్టాను. నూలుకు పట్టించిన గంజి పెళుసెక్కింది. పోగును అటూ ఇటూ దాటించే నాడె విసిరితే చాలు, పోగులు పుటుక్కుమని తెగుతున్నాయి. ఒకటి అతికితే రెండు తెగేవి. మధ్యాహ్నానికి జానెడు కండువా వచ్చింది, అదీ ముడులతో.

మా మేనత్త మూలన కూర్చుని నాడెకు నూలు కండెలు చుడుతోంది. చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన మనిషి. మామూలు రోజుల్లో బీడీలు చుట్టేది. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. "ఇగ అయితలేదత్తా. స్వామికే ఇష్టం లేనట్టున్నది," అన్నాను.

ఆమె లేచి చెంబెడు నీళ్లు శెగడి మీద గుమ్మరించింది. "స్వామి నిన్నేమన్నడురా? పోగును మాడ్సింది నువ్వు!" అంటూ కిటికీ బార్లా తెరిచింది. "నూలుకు తేమ గావాలె అల్లుడా. ఎండకాలం మీ నాయిన మగ్గం కింద తడి గోనెలు పరుస్తుండె, యాది లేదా? జరా ఊపిరి తీస్కో. హారతికి ఇంక టైమున్నది. కూసో."

సిగ్గుపడి కూర్చున్నాను. జల్లుగాలి లోపలికి వచ్చింది. అత్త స్వామి పాటేదో కూనిరాగం తీస్తూ కండెలు అందిస్తుంటే, మగ్గం తొక్కే నా కాళ్లు ఆ రాగం నడకనే అందుకున్నాయి. వాన తగ్గలేదు గానీ నాలో తొందర తగ్గింది. పోగులు తెగడం ఎప్పుడు ఆగిందో గమనించనేలేదు.

దీపాలు పెట్టే వేళకు నేత ముగించి, కండువాను మగ్గం నుంచి కోశాను. అత్త దాన్ని ఇత్తడి డబ్బాలో పెట్టి, డబ్బా నెత్తికెత్తుకుని, నా భుజం పట్టుకుని గుడికని నీళ్లలోకి దిగింది. బావ చెప్పులు విడిచి పరుగున వచ్చి ఆమెకు గొడుగు పట్టాడు.

"టవల్ తేలేదా కొడుకా?" అంది అత్త.

"నువ్వుండంగ నా టవల్ ఎవలడుగుతరు చిన్నమ్మా," అని నవ్వేశాడు.

పూజారి కండువా కప్పుతుంటే చూశాను. మొదటి జానెడు నిండా నా ముడులు. ఆ తర్వాత ఒక్క ముడి లేదు. నా జన్మలో అంత తలెత్తుకుని ఏ గుడి మెట్లూ దిగలేదు.

ఇది రాస్తుండగానే వాన మొదలైంది. మనవడు కిటికీ మూయబోతే వద్దన్నాను. అత్త పోయి చాలా ఏళ్లయింది, ఆ కండువా ఎప్పుడో చివికిపోయి ఉంటుంది. ఇంత వయసు మీద పడ్డా, జల్లుగాలి ముఖానికి తగిలితే మాత్రం హారతికి ఇంకా టైమున్నదనే అనిపిస్తుంది.