కెటిల్‌కి ఓటు హక్కు

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇంటికొచ్చింది. యూనివర్సిటీకి దగ్గరని ముగ్గురు స్నేహితులతో కలిసి వేరే ఇంట్లో ఉంటోంది లెండి. వస్తూనే ఉతకాల్సిన బట్టలు నా ముందు కుమ్మరించి, ఏదో పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ దొరికిందంటూ టీవీ పెట్టింది. ఒకే ఫ్లాటులో అద్దెకుండే కుర్రకారు, మాటకు ముందొకటి వెనకొకటి సైన్స్ సినిమాలూ, కామిక్సూ, వీడియో గేముల ప్రస్తావనలూ. రెండు నిమిషాలు చూశానో లేదో ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట ఈ దేశం వచ్చిన కొత్తలో, టూంగాబీ అనే ఊరి శివారులో, స్ప్రింగులు గుచ్చుకునే సోఫా మీద కూర్చుని చూసిన సీరియలే ఇది!

అప్పుడు మేమూ ఆ ఇంట్లో నలుగురమే. అన్నయ్యా వదినా ఒక గదిలో, వీసా మీద కొత్తగా దిగిన తెనాలి పిల్లనైన నేను మరో గదిలో, అన్నయ్యతో పనిచేసే హనుమకొండ స్నేహితుడు వరండాకి తలుపు బిగించి గది అనిపించుకున్న చోట. బాత్రూం ఒక్కటే కావడంతో పొద్దున్నే తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసలో నిలబడేవాళ్ళం, ఆ వరసలో మా వదిన ఏనాడూ రెండో స్థానానికి దిగలేదు.

నా దిగులల్లా ఆఫీసు లంచ్ రూం గురించే. పనిలో ఎవరికీ తీసిపోయేదాన్ని కాదు గానీ, నలుగురూ అన్నం దగ్గర చేరి ఏ సీరియల్లోదో ఒక ముక్క అనుకుని విరగబడి నవ్వుతుంటే, వాళ్ళ మొహాలు చూసి ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేదాన్ని. ఆ ఆలస్యపు నవ్వు ఎంత ఒంటరిదో ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన మనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక్కసారైనా వేళకి నవ్వాలి, కుదిరితే నేనే నవ్వించాలి, అదే నా పంతం. వాళ్ళంతా ప్రాణం పెట్టే సీరియల్ ఇదేనని తెలిసి, లైబ్రరీ నుంచి డీవీడీలు తెచ్చుకున్నాను.

శనివారం మధ్యాహ్నాలు అందరం చూసేవాళ్ళం. ఇంగ్లీషు అర్థమయ్యేది, నవ్వు అర్థమయ్యేది కాదు. హనుమకొండ స్నేహితుడొక్కడే సరిగ్గా వేళకి నవ్వేవాడు, అడిగితే ఓపిగ్గా విడమరిచేవాడు. ఒక సీనులో ఒకడు ఒంటికి వెండి రేకు చుట్టుకుని కెటిల్ ముందు మోకరిల్లి సెల్యూట్ చేస్తాడు. ఎందుకని అడిగాను. “గదేం లేదండీ, వాళ్ళ పాత సైన్స్ సీరియల్ ఒకటుంటది, అండ్ల కెటిల్‌కి సుత ఓటు హక్కు ఇస్తరు” అన్నాడు, తొణకకుండా బెణకకుండా.

ఆ సోమవారమే లంచ్ రూంలో కెటిల్ ఎంతకీ మరగలేదు. ధైర్యం కూడదీసుకుని, ఓటు హక్కు ఇవ్వలేదని అలిగిందేమో అన్నాను ఇంగ్లీషులో. మరుక్షణం గది గదంతా గొల్లున నవ్వింది! ఆ రోజు నుంచి ప్రతి ఆర్వో, అదే మధ్యాహ్నం, టీ వేళకి ఎవరో ఒకరు, కెటిల్ ఓటేసిందా అని నన్నే అడిగేవారు. అంతటి జ్ఞానిని వదులుకుంటే ఎలా అని, మరుసటి ఏడాది హెలెన్స్‌బర్గ్ గుళ్ళో ఆ హనుమకొండ ఆయన్నే చేసుకున్నాను.

మొన్న సరిగ్గా ఆ సీను దగ్గరే మా అమ్మాయి నవ్వెందుకో అర్థం కాక టీవీ ఆపింది. నేను గర్వంగా ఓటు హక్కు సంగతి చెప్పాను. అది ఫోనులో వెతికి, “మమ్, నో సచ్ థింగ్! నాన్న మేడ్ ఇట్ అప్!” అని కేక పెట్టింది. మా ఆయన వెల్లుల్లి ఒలుస్తున్న చేతులు ఆపకుండానే, “నాకేం తెల్సే? తెల్వదంటే మీ అమ్మ నా పక్కనుంచి లేచి పోతదని చెప్పిన” అన్నారు.

కడుపు పట్టుకుని నవ్వాను. ఆ లంచ్ రూంలో వాళ్ళు నవ్వింది ఏ సీరియల్‌కీ కాదు, మా ఇంటి సోఫా మీద పుట్టిన మాటకి! ఇన్నేళ్ళకి తెలిసిందేమో, ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. ఇప్పుడు ఏ సందేహమైనా అర నిమిషంలో తీరిపోతుంది, మంచిదే. కానీ పక్కనున్న మనిషి వైపు తిరిగి అడగాల్సిన పని లేకుండా పోయింది, అదే నాకు బెంగగా ఉంటుంది.

తరవాతి సీనుకి అమ్మాయి వేలు మళ్ళీ ఫోను మీదకి వెళ్ళింది. ఫోను లాక్కుని బోర్లా పెట్టి, మీ నాన్నని అడుగు అన్నాను.