ఆర్మూరు పసుపు కల్లంలో హవాయి ముచ్చట

ఉదయం తొమ్మిదిన్నరకు డిచ్‌పల్లిలో ఆర్మూరు బస్సెక్కాం. నాకు ఆడవాళ్ల ఉచిత టికెట్టు, ఆధార్ లేని హేజిన్‌కు యాభై రూపాయలు. ఆమె హవాయి నుంచి యూనివర్సిటీ సదస్సుకు వచ్చింది. ముత్తాత కొరియా నుంచి అక్కడి చెరకుతోటలకు కూలికి వెళ్లినవాడు. పసుపు పండించే ఇల్లు చూడాలని ఆమె అడిగితే, మా పెద్దమ్మ కొడుకు గంగారాం అన్న దగ్గరికి తీసుకెళ్తున్నాను.

పక్క సీటు ముసలమ్మ హేజిన్ చెయ్యి పట్టుకుని, "ఏ దేశం బిడ్డవే? గింత దూరం ఒక్కదానివే వచ్చినవా?" అంది. దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

పదిన్నరకు ఆర్మూరు. అక్కడి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. కల్లం నిండా ఉడికించిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటు వాసన కోసమైనా మాఘమాసంలోనే రండి.

అన్న సౌదీలో ఖర్జూరం తోటలో ఆరేళ్లు పనిచేసి నిరుడు తిరిగొచ్చాడు. అక్కడి సంగతి ఎవరడిగినా "మంచిగనే ఉండె" అని లేచిపోతాడు.

పన్నెండున్నరకు రాజవ్వ వదిన జొన్నరొట్టెలు, వంకాయకూర పెట్టింది. హేజిన్ ముత్తాత హవాయి వెళ్లిన సంగతి నేను చెప్పగానే, "మీ ముత్తాత గాడ ఏం పని జేసెటోడు?" అని ఆమెను అడిగింది. ఆమె చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. తెల్లవారకముందే పనికి లేపే కూత. పొద్దంతా చెరకు నరకడం, ఆకులకు చేతులు కోసుకుపోవడం. గుర్రం మీద మేస్త్రీ. కూలీలకు ఇత్తడి బిళ్ల, దాని మీద ఒక అంకె. తోటలో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఫోటో మాత్రమే చూసి పెళ్లికి ఒప్పుకుని ఓడెక్కి వచ్చిన ముత్తవ్వ మాత్రం, ఆయన ఇంటికి రాగానే పూర్తి పేరుతో పిలిచి అన్నం పెట్టేదట.

అన్న చేతిలో రొట్టె ఆగిపోయింది.

"నన్ను గూడ గట్లనే," అన్నాడు. "నూట పద్నాలుగు అనెటోళ్లు. ఆరేండ్లు."

"ఫోన్ల ఒక్కనాడన్న చెప్పకపోతివి?" అంది వదిన.

"చెప్తె నీకు బువ్వ దిగుతుండెనా?"

మొగుడి పేరు ఎన్నడూ పలకని మనిషి వదిన. కొంగుతో కళ్లు తుడుచుకుని, సిగ్గుపడుతూనే, "గంగారాం, తిను. రొట్టె సల్లారుతంది," అంది. అన్న తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను అనువదించలేదు, హేజిన్ అడగలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టి మూడు దాటేదాకా ఆ ఖర్జూరం తోట గురించి చెప్పాడు. వదిన పక్కన కూర్చుని ఊకొడుతూ విన్నది.

నాలుగుంబావుకు తిరుగు బస్సు. అన్న చెప్పిందంతా బస్సులో ఇంగ్లీషులో చెప్తే, హేజిన్ నాకు నోట్‌బుక్ ఇచ్చి అన్న పేరు తెలుగులో రాయమంది. దాని కింద కొరియా లిపిలో ముత్తాత పేరు రాసుకుంది. పసుపు చూపిద్దామని బయల్దేరాను. మా ఇంటి మనిషి ఆరేళ్ల బతుకు ఇప్పుడు తెలిసింది, అదీ అంత దూరం నుంచి వచ్చిన ఈమె వల్ల. డిచ్‌పల్లి వచ్చేసరికి ఆమె "గంగారాం" పలకడం నేర్చుకుంది, నేను ఆమె ముత్తాత పేరు నేర్చుకున్నాను.