పసుపు గుడ్డ

యముడు ఎవరి ప్రాణం తీయాలన్నా ముందు జంగమకోటె పిళ్ళప్పను అడిగి, ఆయన సరేనన్నాకే దున్నపోతును ఎక్కేవాడు. బెంగళూరు డాక్టర్లు మిషన్లు తిప్పి కనుక్కొనే రోగాన్ని ఆయన జానెడు పసుపు గుడ్డతో కనుక్కొనేవాడు. ఈ మాటలు ఆయన మనవరాలివి. ఏడో తరగతితో బడి మానేసిన పిల్ల కనుక కాస్త ఎక్కువ తక్కువలుంటాయి.

పిళ్ళప్ప పట్టుపురుగులు మేపేవాడు. మేత మాని గూడు కట్టబోయే పురుగును వేళ్ళ మధ్య పట్టి వెలుతురుకు ఎత్తితే ద్రాక్షపండులా తేటగా కనబడుతుంది. దాన్ని పండిన పురుగంటారు. రోగపు పురుగు మబ్బుగా ఉంటుంది. ఇంతవరకు ఊళ్ళో అందరికీ తెలుసు. పిళ్ళప్ప అంతటితో ఆగే మనిషి కాదు.

ఒక ఏడాది పురుగుల తట్టలకు తట్టలే కుళ్ళిపోయాయి. ఇల్లంతా కంపు. చచ్చిన పురుగులను గుంతలో పూడ్చి వచ్చి, మిగిలినవాటిని ఏరుతుంటే ఒక మంచి పురుగు పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన పూజ గుడ్డ మీద ఆకురసం కక్కింది. సున్నం తగిలినట్టు అక్కడ ఎర్రబడింది. రోగపు పురుగు రసం పూసి చూశాడు. పసుపు పసుపుగానే ఉంది.

"పులుపు!" అని ఎగిరి గంతేశాడు. "సున్నం గుణాన్ని పులుపు సంపేస్తాది. పులుపు చేరితే ఒళ్ళు మబ్బు పడతాది. మబ్బు పడితే వెలుతురు లోపలికి పోదు. వెలుతురు పోని తావులో రోగం గూడు కడతాది."

పురుగుల వరకు అందులో కొంత నిజముందేమో. పిళ్ళప్ప మాత్రం ఒక్క గెంతులో పురుగు మీదినుంచి మనిషి మీదికి దూకేశాడు. ఊరందరి చేతా గుడ్డ మీద ఉమ్మించాడు. ఒక్కరిది తప్ప ఎవరిదీ ఎర్రబడలేదు. ఊరంతా రోగమేనని తేల్చి, చింతపండు మానండి, పొద్దున్నే ఎండకు నోరు తెరిచి కూర్చోండి అని ఇంటింటికీ చెప్పి వచ్చాడు.

"ఏమప్పా పిళ్ళప్పా, నాది నోరా, పురుగు మూతా?" అన్నాడు పక్కింటి మునిశామప్ప. "పులుసు లేకుండా సంగటి గొంతు దిగుతాదా? గుడ్డ మీద ఉమ్మేది దండగ. మొగం ఇట్ల తిప్పు."

ఎర్రబడింది ఒక్కరిదే, పిళ్ళప్ప భార్య రామలక్ష్మమ్మది. "నా పెండ్లాం ఒళ్ళు పండిన పురుగు మాదిరి తేట" అని ఆయన సంతలో కూడా చెప్పుకొన్నాడు. ఆమె దవడన ఎప్పుడూ ఆకూ వక్కా ఉండేవి, నడుముకు సున్నం డబ్బీ ఉండేది. ఆ ఎరుపు డబ్బీలోనిదని గుడ్డకు తెలుసు. పిళ్ళప్పకు తెలియదు.

1958లో వానలు వెనకబడ్డాక వేసిన పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచి ఆఖరి మేతకు వచ్చాయి. ఆ వారం పురుగు రాక్షసిలా తింటుంది. మల్బరీ ఆకు తెచ్చేది పిళ్ళప్ప, వేసేది రామలక్ష్మమ్మ. మొదటి రోజు దీపం పెట్టే వేళ ఆమె కణతలు పట్టుకొని వచ్చింది.

"ఇదో, దీపం సుట్టూ వానవిల్లు కనిపిస్తాండాది. తలకాయ పగిలిపోతాండాది. చింతామణి ఆస్పత్రికి పోదామప్పా."

పిళ్ళప్ప గుడ్డ తెచ్చాడు. "ఉమ్ము."

ఎర్రబడింది.

"సూస్తివా? నీకే రోగమూ లేదు. ఒళ్ళు తేటగుండేవాళ్ళకే వెలుతురు తన రంగులు ఇప్పి సూపిస్తాది. మా అట్లా పులుపు ముండాకొడుకులకు యాడ కనిపిస్తాయి?"

"రంగులు నువ్వే పెట్టుకోప్పా. నాకు నొప్పి పోతే సాలు."

"గూళ్ళు కట్టేదాకా ఓర్సుకో."

ఓర్చుకొంది. వాంతి చేసుకొని, నోరు కడుక్కొని, మళ్ళీ ఆకు వేసింది. నాలుగో రోజుకు ఆకు సగం నేల మీద పడుతోంది. ఆరో రోజు తట్టల అంచులు తడుముకుంటూ వేసింది. అంత మంచి పంట ఆ ఇంట్లో ముందెన్నడూ రాలేదు. ఆమె గూళ్ళ మీద అరచెయ్యి నిమిరి అడిగింది.

"యా రంగు దిగినాయప్పా?"

పసుపు రంగు. పిళ్ళప్ప బయటికి పోయి బండి కట్టాడు.

చింతామణిలో కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. "కంట్లో నీరు బిగుసుకొని నరం చచ్చిపోయింది. దీపం చుట్టూ రంగులు కనబడిన రోజే తెచ్చుంటే చూపు నిలిచేదేమో" అన్నాడు. పిళ్ళప్ప గుడ్డ తీసి చూపించి, దాని సంగతి చెప్పాడు. డాక్టరు రామలక్ష్మమ్మ నోటి వంక చూశాడు.

"ఆకూ సున్నం వేసుకొంటావా అమ్మా?"

"ఏసుకొంటా సామీ."

డాక్టరు గుడ్డను మడిచి పిళ్ళప్ప చేతిలో పెట్టాడు.

తర్వాత తొమ్మిదేళ్ళు ఆమెను మణికట్టు పట్టుకొని నడిపించింది ఆయనే. పూటపూటకూ ఆకుకు సున్నం రాసి, చుట్టి, నోటికి అందించిందీ ఆయనే. ఒక రోజు నమిలే ఆకు నోట్లో ఉండగానే ఆమె పోయింది. ఆ పొద్దునుంచి పిళ్ళప్ప పులుసు తినడం లేదు. అడిగితే పళ్ళు జివ్వుమంటాయంటాడు. ఆయనకున్నవి మూడు పళ్ళు.

ఇదంతా రాసి మనవరాలు ఆయనకు చదివి వినిపించింది. ఆయన ఎండలో కూర్చుని చివరిదాకా విన్నాడు.

"బాగుండాదా తాతా? యముణ్ణి కూడా నీ వాకిట్లో నిలబెట్టినా."

"యముడు ఉండనీ. పిళ్ళప్పకు తెలియదు అని రాసినావు సూడు, అది కొట్టెయ్. సున్నమని ఆ వానవిల్లు కనిపించిన పొద్దే నాకు తెలుసు. పురుగులు ఆఖరి మేతలో ఉండె. మేపేదానికి మీ అవ్వ తప్ప ఎవురుండిరే?"