రమ్మీ ఛాంపియన్‌కి బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర ఒక బుధవారం

నేను మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో పని చేస్తాను. పదహారేళ్లప్పుడు అమ్మానాన్నలతో గ్రీన్‌కార్డ్ మీద వచ్చాను. ఇక్కడి హైస్కూల్లో చేరి, పదకొండో క్లాసు మధ్యలో మానేశాను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నావల్ల కాదు, పేకాట దగ్గర తప్ప. ప్రతి శనివారం మధ్యాహ్నం రమణ గారి బేస్‌మెంట్‌లో రమ్మీ ఆడతాం. ఆయనతో కలిపి నలుగురు ఇంజినీర్లు, ఐదోవాణ్ణి నేను. వాళ్లు హెచ్‌వన్ వీసాల గురించీ ప్రమోషన్ల గురించీ మాట్లాడుకుంటుంటే నేను చిప్స్ తింటూ కూర్చుంటాను. ముక్కలు పంచాక మాత్రం రాజ్యం నాది. రెండేళ్లుగా ఎక్కువ ఆటలు నేనే గెలుస్తూ వచ్చాను. అది చూసి ఒకరోజు రమణ గారు, "ఒరేయ్ గోపీ, ఈ చిల్లర పాయింట్లకి నీ బుర్ర వేస్టయిపోతోందిరా. తలా వంద వేస్తాం, కాసినోకి వెళ్లి ఆడిరా" అన్నారు. అందరూ నవ్వారు, కానీ వందలు నిజంగానే తీసి బల్ల మీద పెట్టారు. పోతే పోనీలే అన్నారు కూడా. నాకు మాత్రం పోకూడదు. ఓడిపోయి వస్తే ఆ బల్ల దగ్గర మళ్లీ పప్పు ప్యాకెట్లు సర్దే కుర్రాణ్ణే అయిపోతాను.

డెట్రాయిట్‌లో కాసినోలు మాకు అరగంటే. కానీ అక్కడ తక్కువలో తక్కువ పదిహేను డాలర్లు పెడితే గానీ చాలా టేబుళ్ల దగ్గర కూర్చోనివ్వరు. ఉత్తరాన అమెరికన్ ఆదివాసుల రిజర్వేషన్ భూమిలో ఉన్న ఒక కాసినోలో వారం మధ్యలో వెళితే ఐదు డాలర్ల టేబుళ్లు ఉంటాయని స్టోర్‌కి వచ్చే కస్టమర్ ఒకాయన చెప్పాడు. ఆ నలుగురు ఇంజినీర్లలో శ్రీకాంత్ అన్న బుధవారం లీవ్ పెట్టి కారు తీశాడు. వరంగల్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఎనిమిదిన్నరకి బయల్దేరి ఐ-75 హైవే మీద ఉత్తరంగా వెళ్లి, బే సిటీ దగ్గర పడమటికి తిరిగాం. నూట నలభై మైళ్లు, దారిలో ఒక కాఫీ, పదకొండుకి చేరుకున్నాం. రానూపోనూ పెట్రోలుకి ముప్పై ఆరు డాలర్లయింది, పార్కింగ్ ఫ్రీ. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకెళ్లడం మర్చిపోకండి, వయసు చూడటానికి తలుపు దగ్గరే అడుగుతారు.

బ్లాక్‌జాక్ తెలియనివాళ్లకి రెండు మాటలు. మీ ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకూడదు, కాసినో తరఫున ముక్కలు పంచే డీలర్ మొత్తం కంటే ఎక్కువ ఉండాలి. రాజు, రాణి, జాకీ అన్నీ పదే. ఆసు ఒకటైనా కావచ్చు, పదకొండైనా కావచ్చు. డీలర్ ముక్కల్లో ఒకటి కనిపిస్తుంది, ఒకటి బోర్లా ఉంటుంది. టేబుల్ దగ్గర నాతో పాటు కూర్చున్నవాళ్లు నాకు పోటీ కాదు, అందరి ఆటా డీలర్‌తోనే. ఇంత చిన్న ఆటా అనుకున్నాను.

కూర్చోగానే రెండు తప్పులు చేశాను. వంద డాలర్ల నోటు డీలర్ చేతికి ఇవ్వబోతే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. డబ్బు టేబుల్ మీదే పెట్టాలట, పైన కెమెరాకి కనిపించాలి. తర్వాత అలవాటుగా నా ముక్కలు చేతిలోకి తీసుకుని సర్దుకోబోయాను. "ముట్టుకోవద్దు బాబూ" అందామె ఇంగ్లీషులో, నవ్వుతూ. ఆ టేబుల్ మీద ఆడేవాళ్ల ముక్కలన్నీ పైకి తిప్పే ఉంటాయి. ఇంకో ముక్క కావాలంటే వేలితో టేబుల్ తట్టాలి, చాలనుకుంటే అరచెయ్యి అడ్డంగా ఊపాలి. నోటితో చెబితే లెక్కలోకి రాదు.

ఆటకి ఇరవై డాలర్ల చొప్పున పెడుతూ, నాకు బాగా తెలిసిన పనే మొదలుపెట్టాను. డీలర్ మొహం చూడటం. ఒకసారి నాకు పదహారు వచ్చింది, ఆమె దగ్గర ఆరు కనిపిస్తోంది. బోర్లా ముక్క అంచు సరిచేస్తూ ఆమె చిన్నగా నవ్వింది. లోపల ఏదో బలంగా ఉందనుకుని ఇంకో ముక్క తట్టాను. తొమ్మిది పడింది, నా పని అయిపోయింది. ఆమె బోర్లా ముక్క తిప్పితే పది. పదహారు మీద ఆమె కూడా తీసింది, ఎనిమిది వచ్చి ఇరవై ఒకటి దాటిపోయింది. టేబుల్ దగ్గర ఇంకో ముక్క తీసుకోకుండా ఆగినవాళ్లందరికీ డబ్బులొచ్చాయి.

"ఏం కాదు తమ్మీ, ఆమెను పసిగడుతున్నవ్, ఇంకో రెండాటలల్ల దొరుకుతది" అన్నాడు వెనక నిలబడ్డ శ్రీకాంత్ అన్న.

రెండాటలు కాదు, గంట గడిచింది. మధ్యలో కొన్ని గెలిచినా, నా ముందు రెండు వందల ముప్పై ఆరు డాలర్లు మిగిలాయి. ఉండబట్టలేక డీలర్‌నే అడిగాను, "మీరు మొహం భలే దాస్తారు, ఎలా?" అని.

ఆమె ముక్కలు పంచుతూనే, "దాయడానికి ఏముంది? బోర్లా ముక్క ఏంటో నాకూ తెలీదు. తెలిసినా చేసేదేం లేదు. పదహారు దాకా తీసుకోవాలి, పదిహేడొస్తే ఆగాలి, అది రూలు. నవ్వంటావా, అది ఉద్యోగం" అంది.

నేను చేతులు టేబుల్ మీద నుంచి తీసేశాను. గంట నుంచి ఒక మనిషితో ఆడుతున్నాననుకున్నాను. ఎదురుగా ఉన్నది ఒక రూలు. దానికి ఆశ లేదు, భయం లేదు, ఏ ముక్క పడేయాలన్న బెంగ లేదు. నాకొచ్చిన విద్యతో అక్కడ పని లేదు.

నేను లేవగానే శ్రీకాంత్ అన్న భుజం పట్టుకున్నాడు. "ఎటు పోతున్నవ్ రా? ఏటీఎంల నుంచి ఇంకో రెండొందలు తెస్త, కూసో."

"వద్దన్నా. నాకు ఈ ఆట రాదు."

"వాళ్లకేం చెప్పాలె? మన ఛాంపియన్ గంటల లేచి ఉరికిండని చెప్పాలెనా?"

"అదే చెబుదాం."

పదమూడు డాలర్లకి బఫే తిన్నాం. తర్వాత గిఫ్ట్ షాప్‌లో రెండు డాలర్లు పెట్టి ఒక చిన్న చార్ట్ కొన్నాను. మీకెంత వస్తే, డీలర్‌కి ఏం కనిపిస్తే ఏం చేయాలో అందులో గళ్లు గీసి ఉంటుంది. చూస్తూ ఆడినా మేము వెళ్లిన చోట ఏమీ అనలేదు. డీలర్ దగ్గర ఆరు ఉంటే పదహారు మీద ఆగమని అందులో స్పష్టంగా ఉంది. డీలర్‌కి ఆసు కనిపించినప్పుడు ఇన్సూరెన్స్ కావాలా, అంటే ఆమెకి ఇరవై ఒకటి ఉందేమోనని విడిగా ఇంకో పందెం వేస్తారా అని అడుగుతారు, వద్దు అనమనీ ఉంది. అన్న తన సొంత డబ్బుతో ఐదేసి డాలర్లు పెడుతూ గంటన్నర చార్ట్ ప్రకారం ఆడాడు. పదిహేను డాలర్లే పోయాయి. ఆ చార్ట్ గెలిపించదు, నెమ్మదిగా ఓడిపోయేలా చేస్తుంది. అంతకంటే ఎక్కువ ఆశించకండి.

మూడున్నరకి వెనక్కి బయల్దేరాం. సాగినా ఊరు దాటాక అన్న అడిగాడు, "మరి మా తాన ఎట్ల గెలుస్తవ్ రా?"

చెప్పకుండా ఉండొచ్చు. చెప్పేస్తే శనివారాలు కూడా పోతాయి. అయినా నాలుగు వందలు నమ్మి ఇచ్చిన మనుషులు.

"సీక్వెన్స్ కుదిరితే నువ్వు కాలు ఊపడం ఆపేస్తావన్నా. రమణ గారు జోకర్ వస్తే టీ ముట్టుకోరు."

అన్న స్టీరింగ్ మీద కొట్టి, "దొంగ నా కొడకా! రెండేండ్ల సంది నా కాలును చూస్తున్నవా!" అని పగలబడి నవ్వాడు.

శనివారం తలా యాభై తొమ్మిది డాలర్లు తిరిగిచ్చి, ఎలా ఓడిపోయానో, ఇన్నాళ్లూ ఎలా గెలిచానో నేనే చెప్పేశాను. రమణ గారు చేతిలోని టీ కప్పు వైపు చూసుకుని, దాన్ని తీసుకెళ్లి మెట్ల మీద పెట్టొచ్చారు. ఆ రోజు అందరూ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని ఆడారు. ఐదాటల్లో నాలుగు ఓడిపోయాను. జాకెట్ తీసుకుని లేవబోతే, "ఎక్కడికిరా? కలుపు ముక్కలు, నీ వంతే" అన్నారాయన.

ఆ ప్రయాణం తర్వాత నేను మళ్లీ రెండుసార్లు కాసినోకి వెళ్లాను, రెండుసార్లూ నా డబ్బుతోనే, నలభై డాలర్లతో. దాన్ని టికెట్టు అనుకుంటాను. అయిపోతే వచ్చేస్తాను. మన ఇళ్లల్లో పేక బాగా ఆడేవాళ్లే అక్కడ ఎక్కువ పోగొట్టుకుంటారేమో అనిపిస్తుంది, ఎందుకంటే మనకి ఆట వచ్చుననే నమ్మకంతో కూర్చుంటాం. ఓడిన డబ్బు రాబట్టుకోవాలనే ఆత్రం కూడా మనుషులతో ఆడే ఆటలో నేర్చుకున్నదే. మనిషైతే అలసిపోతాడు, పొరపాటు చేస్తాడు. రూలు అలసిపోదు. అది తెలిశాక లేవడం అంత కష్టం కాలేదు. ఇక వెళ్లేవాళ్లు ఒక్కటి చేయండి. కూర్చునే ముందు టేబుల్ గుడ్డ మీద రాసింది చదవండి. బ్లాక్‌జాక్, అంటే మొదటి రెండు ముక్కలకే ఇరవై ఒకటి, వస్తే రెండుకి మూడు ఇస్తామని ఉంటే పది డాలర్లకి పదిహేను వస్తాయి. ఐదుకి ఆరు అని ఉంటే పన్నెండే. ఐదుకి ఆరు అని కనిపిస్తే డీలర్ ఎంత ఆప్యాయంగా పిలిచినా పక్క టేబుల్‌కి నడవండి.