వెంపలి పెరికిచ్చే మనిషి

వెంపలి మోకాలెత్తు మొక్క. ఊదారంగు పూలు, నలుసంత కాయలు. కదిరి వైపు మా మెట్టల్లో దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. నేను పొట్టివాణ్ణి కాబట్టి, వెంపలి చెట్టెక్కడానికి నిచ్చెన తెచ్చుకో అని మా మేనత్త ఎగతాళి చేసేది. పంటినొప్పికి దాని పుల్ల ఇచ్చేదీ, కడుపునొప్పికి దాని వేరు మజ్జిగలో నూరి తాగించేదీ ఆమే. అయితే ఆమెకొక పట్టింపు ఉండేది. జబ్బు పడ్డవాడు తన మందు తానే పెరక్కూడదు. వాడి మంచి కోరే ఇంకొకరు పెరికి తెచ్చివ్వాలి. లేకపోతే వేరు పనిచెయ్యదట.

తొంభైల్లో బెంగళూరు పీణ్యలో, ఒక ఫ్యాక్టరీ షెడ్డులో, లేతు మిషను మీద పనికి కుదిరాను. రేకుల గది, హోటలు తిండి. కొన్నాళ్ళకు డొక్క కింద నొప్పి పట్టుకుంది. డాక్టరు రాసిన మాత్రలు మింగినన్నాళ్ళే పనిచేసేవి. వానలు పడ్డాక మా షెడ్డు వెనక ఖాళీ సైటులో, ఇనుప రజను మధ్య, వెంపలి పూసింది. ఊరి మనిషి కనబడినంత సంతోషమైంది. ఆ వెంటనే దిగులు పట్టుకుంది. పెరికి ఇచ్చేదెవరు?

పక్క మిషను మీద పనిచేసే అతనికీ నాకూ మధ్య స్పానర్లే తప్ప మాటల్లేవు. నా ఎదురు గదిలో ఒక పెద్దామె ఉండేది. తాతల నాడే బెంగళూరొచ్చి స్థిరపడి, కన్నడం కలిపి మాట్లాడే తెలుగువాళ్ళు. మొహమాటం చంపుకుని ఆమెను అడిగాను.

"మెడికల్ షాపు ఉండాది కదప్పా, గిడలు పెరికేదేంటికి?" అని ఆమె టీవీ ముందుకు వెళ్ళిపోయింది.

పాపం, చెడ్డ మనిషి కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. ఇంత పెద్ద ఊళ్ళో ఒక మొక్క పెరకమని అడగడానికి రెండో మనిషి గుర్తు రానందుకు.

ఆ ఆదివారం నేనే పెరికాను. చేత్తో రాకపోతే ఇనుప కమ్మీతో తవ్వాను. మజ్జిగలో నూరుకుని తాగాను. కొద్దిరోజుల్లో నొప్పి తగ్గింది. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. ఎవరూ లేకపోయినా నయమైపోతుందని తెలియడం అంత మంచి సంగతేమీ కాదు.

తర్వాత అత్త యశవంతపురంలో ఏదో పెళ్ళికి వచ్చి, నన్ను చూసిపోదామని గదికొచ్చింది. మేకుకు వేలాడుతున్న వేర్లు చూడనే చూసింది. నొప్పి సంగతంతా చెప్పించుకుని, ఎవరు పెరికిచ్చినారని అడిగింది. నిజం చెబితే నన్ను వదిలి బస్సెక్కేది కాదు.

"ఉండారులే అత్తా, ఒకరు," అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. ఎవరు, ఏ ఊరు అని కూడా అడగలేదు. నాకోసం బెల్లప్పాకంలో కట్టి తెచ్చిన బొరుగుల ఉంటల్లో సగం తీసి వేరే కాగితంలో పొట్లం కట్టింది.

"ఇవి వాళ్ళకియ్యి నాయనా. ఈడ నీకొకరుండారు. నాకింక దిగుల్లేదు," అంది.

ఆమె వెళ్ళాక చాలా రోజులు ఆ పొట్లం విప్పలేదు. చివరికి అవీ నేనే తిన్నాను.