గాల్వే నుంచి వచ్చిన ఫోను

ఒక అబద్ధాన్ని పదేళ్ళకు పైగా మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మా ఆవిడకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నానంటేనే నా ధైర్యం ఏపాటిదో మీకు అర్థమైపోయి ఉంటుంది.

మాది కాకినాడ. ఐర్లాండ్‌లో, డబ్లిన్‌లో లెపర్డ్స్‌టౌన్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగానికి వచ్చాను. ఎటు చూసినా కొత్త ఆఫీసులు లేస్తున్న రోజులవి. నెల తిరిగేసరికి టీములో కొత్త ముఖాలు కనిపించేవి, వాటిలో సగం మనవాళ్ళవే. శనివారాలు ఎవరింట్లోనో బిర్యానీ వండుకుని కూర్చుంటే అందరి నోటా అవే మాటలు. లీడ్ అయ్యావా? ఇల్లు చూస్తున్నావా? ఎన్ని దేశాలు తిరిగావు? నాకూ ఒక వరస ఉండేది. నలభై లోపు టీమ్ లీడ్ అవ్వాలి, ఈ చుట్టుపక్కలే సొంతిల్లు కొనాలి, ఇక్కడి పాస్‌పోర్టు తెచ్చుకోవాలి, యూరప్ అంతా తిరగాలి. ఒక్కోటి అయ్యేకొద్దీ మనసులోనే టిక్కు పెట్టుకునేవాణ్ణి. మాధవితో 'మన గోల్స్' అనేవాణ్ణి. ఆ 'మన'లో ఆమె కోరుకున్నది ఒక్కటైనా ఉందా? అప్పుడు ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. నిజానికి ఆమె కోరుకున్నది ఒకటే, ఉద్యోగం.

మాధవి నా భార్య. పెళ్ళికి ముందు హైదరాబాదులో క్యాథెటర్లు, అంటే ఒంట్లోకి పంపే సన్నటి వైద్య గొట్టాలు, తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా చేసింది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. కంటికి ఆనని లోపాన్ని తను ఎలా పట్టుకుందో చెబుతుంటే భోజనం చల్లారిపోయేది. ఇక్కడికొచ్చాక పాప పుట్టింది, కొన్నాళ్ళు ఇంట్లోనే గడిచిపోయాయి. తనూ పని చేసుకోవచ్చని అనుమతి వచ్చిన రోజు పాయసం వండింది. "గాల్వే నిండా మెడికల్ డివైస్ కంపెనీలేనటండీ! అక్కడికి కూడా సీవీ పంపిద్దాం" అంది.

సీవీ నేనే తయారుచేశాను. మనవాళ్ళలో ఇది మామూలే కదా, భార్య సీవీకి భర్తే మేనేజరు. ఇక్కడి యాస ఫోనులో అర్థంకాక తడబడుతుందేమోనని అందులో నా నంబరు పెట్టాను. అందులో ఇచ్చిన ఆమె మెయిల్ కూడా నా ఫోనులోనే తెరుచుకునేది. అప్పటికి మనసులో ఏ పాపమూ లేదు, ఒట్టు. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

గాల్వే కంపెనీ ఒకటి ఫోనులో ఇంటర్వ్యూ చేసింది. ముందే టైము చెప్పారు కాబట్టి నా ఫోను మాధవికిచ్చి, పాపను ఎత్తుకుని వానలోనే బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది. ముఖం వెలిగిపోతోంది. అంత ఆనందంగా ఉన్న మాధవిని మళ్ళీ చూశానా అంటే, చూడలేదు.

వారం తర్వాత నేను ఆఫీసులో ఉండగా వాళ్ళు మళ్ళీ ఫోను చేశారు. కార్ పార్కులోకి వెళ్ళి, మాధవి భర్తనని చెప్పి మాట్లాడాను. చివరి ఇంటర్వ్యూకి మాధవిని గాల్వే రమ్మంటున్నాం, రోజూ ఫ్యాక్టరీకి రావాల్సిన ఉద్యోగం, కుదురుతుందా అని అడిగింది అవతలావిడ. నన్ను లీడ్ చేయబోతున్నారని మా మేనేజరు అంతకు ముందురోజే చెవిలో వేశాడు. ఇంటి లోనుకు బ్యాంకు అప్పుడప్పుడే సరేనంటోంది. గాల్వే అంటే ఈ దేశానికి ఆ చివర. వెళితే అందరం వెళ్ళాలి, లేకపోతే తల్లీ పిల్లా అక్కడ, నేనిక్కడ. ఇన్నాళ్ళూ పేర్చుకున్న వరసంతా చెదిరిపోతుందనిపించింది. "ఆమె ఇప్పుడు ఉద్యోగం చేయాలనుకోవడం లేదండీ, ఇంటి పరిస్థితులు" అన్నాను. అయ్యో అంది. మనసు మారితే చెప్పమంది. సరేనన్నాను. "గ్రాండ్" అంది, ఇక్కడివాళ్ళు ప్రతిదానికీ అన్నట్టే. ఫోను పెట్టేసి లోపలికెళ్ళి మీటింగులో కూర్చున్నాను.

ఆమె ఇంటర్వ్యూకి వెళ్ళినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చేసేవాళ్ళా అని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇచ్చేవారేమో. ఇవ్వకపోయేవారేమో. ఆ సంగతి మాధవి తెలుసుకోవాలా, నేను తేల్చాలా?

ఇంకొన్ని రోజులు చూసి, ఒక సాయంత్రం పాపకు అన్నం పెడుతూ తనే అడిగింది.

"గాల్వే వాళ్ళ దగ్గర్నుంచి ఏమీ రాలేదాండీ?"

"రాలేదు."

"మధ్యలో ఆవిడ మాట అర్థంకాక మళ్ళీ చెప్పమని అడిగానండీ. నా ఇంగ్లీషు నచ్చలేదేమో."

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఫోనులో నేనన్నది కంగారులో నోరు జారానని సరిపెట్టుకోగలను. మరి ఇది? తనమీద తను వేసుకున్న నిందకు నేను వంత పాడాను. 'ఛ, అదేం కాదు' అనడానికి ఏం పోయింది నాకు? అలా అంటే ఇంకోచోట అప్లై చేస్తుందని, మళ్ళీ ఏ షానన్‌లాంటి దూరపు ఊరి నుంచో ఫోను వస్తుందని లోలోపల భయపడ్డానా? పడ్డాననే అనుకుంటున్నాను. నేను కోరుకున్నట్టే ఆమె ఇంక ఎక్కడా అప్లై చేయలేదు.

ఆ తర్వాత అన్నీ అయ్యాయి. లీడ్ అయ్యాను. ఇల్లు కొన్నాం. పాస్‌పోర్టులు వచ్చాయి. రోమ్, ప్రాగ్, లిస్బన్, ఎక్కడికెళ్ళినా ఫోటోలు దిగాం. చూసినవాళ్ళు "మీకేంటండీ, అదృష్టవంతులు" అంటారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాను. మాధవి మాత్రం బయట ఇంగ్లీషు మాట్లాడటం మానేసింది. జీపీ డాక్టరు దగ్గరికెళ్ళినా, పాప స్కూలుకెళ్ళినా "మీరే మాట్లాడండి" అని నా వెనక నిలబడుతుంది. ఎవరైనా తలుపు తడితే నన్ను పిలుస్తుంది. పాప ఇక్కడి యాసలో గలగలా మాట్లాడుతుంటే మురిసిపోతుంది, జవాబు మాత్రం తెలుగులోనే చెబుతుంది. క్యాథెటర్ల గురించి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ మాట్లాడరు.

మొన్నామధ్య కొత్తగా వచ్చిన ఒక జంటను భోజనానికి పిలిచాం. ఆ అమ్మాయి ఉద్యోగం వెతుక్కుంటోందట, భయంగా ఉందక్కా అంది. మాధవి పప్పు వడ్డిస్తూ, "నీకేమ్మా, నీకొచ్చేస్తుంది. నేనూ ఒకసారి ట్రై చేశాన్లే. నా ఇంగ్లీషు వాళ్ళకి ఆనలేదు" అని నవ్వింది. బాధపడుతూ అనలేదు. తన ఎత్తెంతో చెప్పినట్టు మామూలుగా అంది. నేను తలొంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయాను.

ఇప్పటికైనా చెప్పొచ్చుగా అంటారు మీరు. చెబితే పోయిన ఆ ఏళ్ళు ఆమెకు తిరిగొస్తాయా? రావు. ఈ మాట కూడా చెప్పకుండా ఉండటానికి నేను వెతుక్కున్న సాకే. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లో ఉన్నది కాదు.

మీ దగ్గర కూడా ఒకటి దాచాను. ఆ రోజు ఫోనులో ఆవిడ మొట్టమొదట అన్న మాట. "మీ భార్య ఎంత చక్కగా మాట్లాడిందో! మా అందరికీ ఆమె చాలా నచ్చింది" అంది. ఆ మాట మాధవిది. నా నంబరుకొచ్చింది కాబట్టి నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా నోటివెంట రాలేదు.

ఇది రాశాక ఇప్పుడే, గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఆవిడన్న ఆ మాటను పైకి చదివాను. మాధవి వంటింట్లో ఉంది. ఆమెకు వినపడలేదు.