ఆదివారం రాసిన సోమవారం

నిన్న మధ్యాహ్నం కాప్రాలోని మా ఇంట్లో మనవరాలు గోళ్ళకు ఎర్ర రంగు వేసుకుంటోంది. నేను పక్క గదిలో పేపరు చదువుతున్నాను. ఆ వాసన తలుపు దాటి వచ్చి ముక్కుకు తగలగానే చేతిలోని పేపరు ఒళ్ళోకి దిగిపోయింది. ఘాటుగా, కొంచెం తియ్యగా, నుదుటి మీద పట్టేసినట్టుండే వాసన. సైక్లోస్టైల్ మిషన్ మీద కాపీలు తీసే రోజుల్లో టైపు పని చేసినవాళ్ళకు అది బాగా తెలుసు. మైనపు స్టెన్సిల్ మీద తప్పు పడితే చిన్న సీసాలోని ఎర్రటి ద్రవాన్ని ఆ అక్షరం మీద పూసి, ఆరేదాకా ఊది, దాని మీద సరైన అక్షరం కొట్టేవాళ్ళం. సికింద్రాబాద్‌లో నేను పనిచేసిన కాలేజీలో, చరిత్ర శాఖ టైపిస్టుగా నా చేతిలో ఖాళీ అయిన సీసాల్లో సగానికి పైగా ఒక్క మనిషి కోసమే ఖాళీ అయ్యాయి. ఆమె డాక్టర్ రూత్ సుగుణ. ఆధునిక జర్మనీ చరిత్ర ఆమె విషయం. రూత్ మేడం అనేవాళ్ళం.

మేడం వాళ్ళ నాన్నగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడి మిషన్ బడిలో లెక్కలు చెప్పి, ఇక్కడే స్థిరపడ్డారు. మేడం సాయంత్రం క్లాసులకు వెళ్ళి జర్మన్ నేర్చుకున్నారు. స్కాలర్‌షిప్ మీద ఒక ఏడాది ఆ దేశం వెళ్ళి, పెద్ద నగరాలేవీ తిరగకుండా, ఒక చిన్న ఊరి మునిసిపల్ ఆఫీసులో పాత ఫైళ్ళ ముందు కూర్చున్నారు. చూసిన ప్రతి కాగితం సారాంశాన్ని అట్టముక్కల మీద రాసుకుని, పెట్టెల్లో పెట్టి తెచ్చుకున్నారు. ఇక్కడికి వచ్చాక కూడా, వెంట తెచ్చుకున్న ఫైళ్ళ నకళ్ళు చదువుతూ ఆ పని సాగించారు. మోండా మార్కెట్ దగ్గర పెళ్ళి కార్డుల కొట్లో అమ్ముడుపోని కార్డులు తెచ్చి, ఒకే కొలతకు కత్తిరించి వాడేవారు. ఒకవైపు వినాయకుడు, 'శుభలేఖ'. రెండోవైపు యూదులను ఉద్యోగాల్లోంచి తొలగించమనే ఉత్తరువు. ఆ కార్డులు చూసిన ప్రతిసారీ మా శాఖ హెడ్ సారు ఒక మాట అనకుండా ఉండేవారు కాదు. "ఏంది మేడం, జర్మనీకి పిల్లనిస్తున్నరా? వాళ్ళ చరిత్ర వాళ్ళు రాసుకోరా, మనం సికింద్రాబాద్ కెల్లి పోవాల్నా?" మేడం తల ఎత్తకుండానే, "మన ఊరి కథైతే మనవాళ్ళని కాపాడాలనిపిస్తుంది సార్. అక్కడ నాకు చుట్టాలెవరూ లేరు," అనేవారు.

నాకు మొదటి అధ్యాయం ఇచ్చిన రోజు బాగా గుర్తుంది. కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, "యాదగిరి గారూ, హిట్లర్ తెలుసు కదా మీకు?" అన్నారు.

"తెల్వకపోవుడేంది మేడం."

"నా పుస్తకంలో ఆయన పెద్దగా కనపడడు. పైనుంచి ఆర్డరు వస్తుంది. ఒక చిన్న ఊళ్ళో ఒక గుమాస్తా దాన్ని టైపు చేసి, కాపీలు తీసి, ఇంటింటికీ పంపిస్తాడు. నాకు కావలసింది ఆ గుమాస్తా."

నాకు ఎక్కడో గుచ్చుకుంది. "టైపు కొట్టెటోనికేం సంబంధం మేడం? ఇచ్చింది కొడ్తడు. నేను సుత గదే చేస్త."

"అదేనండీ నా పుస్తకం," అని నవ్వి క్లాసుకు వెళ్ళిపోయారు.

ఆ పుస్తకం మీద మేడం ఉద్యోగ జీవితమంతా ఆధారపడి ఉంది. అప్పటికి ఆమె రీడరు, అంటే ప్రొఫెసర్ హోదాకు ఒక మెట్టు కింద. శాఖలో ఒకే ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయింది. పుస్తకం అచ్చుకు అంగీకారమైందన్న ఉత్తరం ఉంటే ఆ కుర్చీ ఆమెదేనని అందరికీ తెలుసు. విదేశంలో ఒక చిన్న ప్రచురణ సంస్థ మొదటి రాతప్రతి తెప్పించుకుని, దిద్దిన ప్రతి అడిగింది. ఇంటర్వ్యూకు రెండు నెలల సమయం ఉంది. మేడం ప్రతి అధ్యాయాన్నీ ముందు స్టెన్సిల్ మీద కొట్టించి, కాపీలు తీసి శాఖలో పంచి, వచ్చిన మాటలన్నీ విని దిద్దేవారు. అలా మూడు అధ్యాయాలు అయ్యాయి. నాలుగోది పుస్తకానికి గుండెకాయ.

ఆ అధ్యాయమంతా ఒక డైరీ మీద నిలబడింది. ఆ ఊరి మునిసిపల్ గుమాస్తా రాసుకున్నదని, ఆయన కూతురు తన ముసలితనంలో మేడం చేతికి ఇచ్చిన డైరీ అది. మేడం దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. నేను కొట్టడం మొదలుపెట్టాను. 'ఈరోజు ఆ ఉత్తరువు టైపు చేశాను. నా చెయ్యి వణికింది. ఇది ఇక్కడితో ఆగదు, దేశం మొత్తం బూడిదవుతుంది.' మరుసటి రోజూ అలాగే. ఆ మరుసటి రోజూ అలాగే. ఆ గుమాస్తా బయటికి చేతులతో పని చేసినా లోపల ఎదిరించాడని, అలాంటి మౌనమైన ఎదిరింపు ఎంతోమందిలో ఉండేదని మేడం వాదం.

పదో పేజీకి వచ్చేసరికి నా వేళ్ళు నెమ్మదించాయి. నేను పదో క్లాసు నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి. ఆ గుమాస్తాకు ఒక్క రోజైనా జలుబు చేయలేదు. చెప్పు తెగలేదు. రేపు ఫలానాది జరుగుతుందని అనుకుని జరగక నాలుక కరుచుకోలేదు. ఏది మొదలైనా, అది మొదలన్న సంగతి ఆ రోజే ఆయనకు తెలిసిపోయేది. అలాంటి డైరీ నాకు తెలుసు. మా ఇంట్లో, నా బీరువాలో, నా చేతిరాతలో అలాంటివి ఎన్నో ఉన్నాయి.

మూడు రోజులు నోరు మెదపలేదు. చెప్పడానికి నేనెవరు? పైగా చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మేడం ప్రొఫెసర్ కావాలని ఆ శాఖలో నాకన్నా ఎక్కువ కోరుకున్నవాళ్ళు లేరు. ఇచ్చింది కొట్టడమే కదా నా పని అనుకుని కూర్చుంటే, ఆ మాటే నన్ను కూర్చోనివ్వలేదు. నాలుగో రోజు వరండాలో మేడం ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళాను.

"మేడం, జెర తప్పు అనుకోకుండ్రి. గా డైరీ ఏ రోజుది ఆ రోజు రాసింది కాదు."

మేడం ముఖం ఎర్రబడింది. "మీకు జర్మన్ వచ్చా?"

"జర్మన్ రాదు మేడం. డైరీ రాసుడు వస్తది."

"అంటే?"

"నేను సుత గట్లనే రాస్త. వారమంత పని తక్లీఫ్ల రాయనీకి కాదు. ఐతారం కూసొని, ముందటి సోమవారం నుంచి అన్ని పేజీలు నింపుత. సోమవారం నాడు నాకేం తెల్వదు మేడం. ఐతారం నాడు అంత తెలుసు. గందుకే నా సోమవారాలు శాన తెలివిగుంటయి. ఈయనయి సుత గట్లనే ఉన్నయి."

మేడం సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. రెండు రోజులు కాలేజీకి రాలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, నా టైపు మిషన్ పక్కన రెండు పెళ్ళి కార్డులు పెట్టారు. ఒకటి ఆ ఊరి మునిసిపల్ ఫైలు నుంచి రాసుకున్నది: గుమాస్తా ఉండే వీధికి నాజీలు తమ నాయకుడి పేరు పెట్టారని, యుద్ధం ముగిశాక దాన్ని తీసేసి కొత్త పేరు పెట్టారని. రెండోది డైరీ నుంచి. యుద్ధానికి ఎన్నో ఏళ్ళ ముందటి తేదీ కింద, గుమాస్తా తన వీధిని ఆ కొత్త పేరుతోనే రాశాడు. అప్పటికి ఆ పేరే పుట్టలేదు. "రెండు కార్డులూ నా దగ్గరే ఉన్నాయండీ, ఇన్నేళ్ళూ. వేరువేరు పెట్టెల్లో పెట్టుకున్నాను. నమ్మాలనిపించింది, నమ్మాను," అన్నారు.

హెడ్ సారు గదిలో జరిగిన మాటలు నా బల్ల దాకా వినిపించాయి. "ఎవనికి తెలుస్తది మేడం? జర్మనీ కెల్లి ఎవడన్న దిగుతడా చెక్ చేయనీకి? ఇంటర్వ్యూ కానీయండ్రి, తర్వాత మార్చుకోండ్రి. ఊకెనే పరేషాన్ గావద్దు."

"యాదగిరి గారికి తెలిసిపోయింది కదా సార్," అన్నారు మేడం.

ఆ రోజే ప్రచురణ సంస్థకు ఉత్తరం టైపు చేయించారు: నాలుగో అధ్యాయంలో పొరపాటు ఉంది, రాతప్రతి వెనక్కి తీసుకుంటున్నాను, ఎప్పుడు ఇస్తానో చెప్పలేను. నా చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది కానీ, వణకలేదు. ఒక్క తప్పు లేకుండా కొట్టాను. రెండు నెలలకు ఆ పోస్టు మరొకరికి వెళ్ళింది. ఫలితం వచ్చిన రోజు నేను మేడం దగ్గరికి వెళ్ళి, "నేను నోరు మూసుకుంటే గా పోస్టు మీకే వస్తుండె మేడం," అన్నాను. చెమర్చిన కళ్ళు తుడుచుకుంటూనే మేడం అన్నారు: "మూసుకుని ఉంటే మిమ్మల్ని కూడా పుస్తకంలో ఎక్కించేదాన్ని. ఇక కొత్త స్టెన్సిల్ తీయండి."

ఆ అధ్యాయం మళ్ళీ రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. పాతదానిలో ఒక్క పేరా మిగల్లేదు. గుమాస్తా ఎదిరించాడా లేదా అన్న ప్రశ్న పోయి, అన్నీ అయిపోయాక ఒక మనిషి ఎందుకు కూర్చుని తన గతానికి వణికే చెయ్యి తగిలిస్తాడు అన్న ప్రశ్న వచ్చింది. మేడం ఆయన్ను అబద్ధాలకోరు అనలేదు. తను ఎలా ఉండాల్సిందో తెలుసుకున్న మనిషి, ఆలస్యంగా తెలుసుకున్న మనిషి అని రాశారు. మిగతా అధ్యాయాలన్నీ ఆ వెలుగులో మళ్ళీ దిద్దారు, నేను మళ్ళీ కొట్టాను. పుస్తకం వచ్చింది. జర్మనీ నుంచి ఒకరిద్దరు పండితులు ఉత్తరాలు రాశారు. ప్రొఫెసర్ పోస్టు మళ్ళీ ఖాళీ కాలేదు. మేడం రీడరుగానే రిటైరయ్యారు. వీడ్కోలు రోజున హెడ్ సారు లేచి, "మొండి మనిషి," అని ఒక్క మాట అని కూర్చున్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

వెళ్ళేముందు మేడం నా బల్ల దగ్గర ఆగారు. "మీ సోమవారాలు ఎలా ఉన్నాయండీ?"

సిగ్గుపడ్డాను. "ఇంకా ఐతారం నాడే రాస్తున్న మేడం."

"రాయండి, తప్పేం లేదు. ఆదివారం రాశానని పక్కన రాయండి, చాలు. గుర్తులేని రోజుని మాత్రం ఖాళీగా వదిలేయండి."

ఆనాటి నుంచి నా డైరీలో ప్రతి పేజీకీ రెండు తేదీలు. ఏ రోజు గురించి, ఏ రోజు రాసింది. నేను రిటైరయ్యాక పాత డైరీలన్నీ దించి, సిరా, చేతిరాత చూసి, తరవాత రాసినవని తేలిన పేజీల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఒక చలికాలమంతా పట్టింది. మా ఆవిడ టీ తెచ్చిపెట్టి, "ఏందీ, నీ పేపర్లు నువ్వే దిద్దుకుంటున్నవా? పాసైనవా మరి?" అని ఆటపట్టించేది. పాసయ్యానని చెప్పలేను. మేడంతో వరండాలో మాట్లాడిన రోజు పేజీ కూడా ఆదివారం రాసినదే. కాబట్టి 'డైరీ రాసుడు వస్తది' అని నిజంగా అన్నానో, ఆదివారం నాటికి నాకు అలా తోచిందో గట్టిగా చెప్పలేను. వెళ్ళానన్నది, చెప్పానన్నది మాత్రం నిజం. మేడం రాతప్రతి వెనక్కి తీసుకున్న ఉత్తరం కార్బన్ కాపీ ఇంకా నా దగ్గరుంది.

మేడం పోయిన వార్త తెలిసి, సమాధి కార్యక్రమానికి వెళ్ళి వచ్చిన రోజున ఒంట్లో ఓపిక లేకపోయినా ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. ఆ పేజీలో ఉన్నది ఇంతే: 'మబ్బు. రూత్ మేడంను సమాధి చేశారు. పాటలు బాగా పాడారు. మోకాలు నొప్పి. వచ్చేటప్పుడు యాప్రాల్ దగ్గర బస్సు ఆగిపోతే నడిచాను. రేపు మందులు తేవాలి.' ఆ తరవాత ఎన్ని ఆదివారాలు ఆ పేజీ తెరిచానో. ఎంత మంచి వాక్యాలు తోచాయో. ఆమె గురించి తోచినవన్నీ ఇక్కడ, ఇవాళ్టి తేదీ వేసి రాశాను. ఆ పేజీలో మాత్రం మోకాలు, బస్సు, మందులు అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఒక్క అక్షరం చేర్చలేదు, చేర్చను.